జపాను పసరు

సింహాద్రి పెళ్ళాన్ని కొట్టడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ముందు తలుపు గడియ పెడతాడు. తరవాత టీవీ సౌండు పెంచుతాడు. కొట్టడం అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుని, ఫ్రిజ్‌లోంచి నీలం ట్యూబు తీసి, ఆమె పక్కనే కూర్చుని తనే మందు రాస్తాడు. ఇంత శ్రద్ధగా మందు రాసే మొగుడు గంగపేట మొత్తంలో ఇంకొకడు లేడు.

ఆ రోజు నూకరత్నం చేసిన నేరం, బోటు ఇంజను పాడైందని పక్కింటావిడతో అనడం. వలకు కట్టే సీసం గుళ్ళ తాడు గోడకు వేలాడుతోంది. దాన్ని రెండు మడతలు వేసి కొట్టాడు. మొదటి దెబ్బకి జాకెట్టు చిరిగింది, రెండో దెబ్బకి వీపు చిరిగింది. ఆమె మంచం కోడు పట్టుకుని కిందికి జారిపోయింది. అరవలేదు. అరిస్తే తాడు వదిలేసి కాలు ఎత్తుతాడని ఆమెకు తెలుసు. గుళ్ళు ఎముక మీద పడ్డప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని, మంచం కింద ఉన్న ఉల్లిపాయల బుట్టను చూస్తూ ఉండిపోయింది.

"అయిపోనాది, అయిపోనాది. ఇటు తిరుగు, పసరు రాస్తాను," అన్నాడు సింహాద్రి రొప్పుతూ. "రేపటికి పెళ్ళికూతురిలాగుంతావు."

ఆ మాట మాత్రం అబద్ధం కాదు. మర్నాటికి వీపు మీద గీత కూడా మిగల్లేదు. పసిపిల్ల వీపులా నున్నగా ఉంది. గంగపేట వాళ్ళు ఆ మందును జపాను పసరు అంటారు. దాన్ని కనిపెట్టింది పరాయివాళ్ళు కాదు, ఆ పేటలో పుట్టిన ఆడపిల్లే. నూకరత్నానికి తోడబుట్టిన అక్క, మైలపల్లి దేవకి.

*

దేవకి పనిచేసే ప్రయోగశాల జపాన్‌లో, మంచు బాగా కురిసే ఒక ఊరి విశ్వవిద్యాలయంలో ఉంది. అక్కడ ముళ్ళ ఎలుకల్ని పెంచుతారు. ఆ ఎలుక పాము నోటికి చిక్కితే తోలు ఊడదీసి ఆ నోట్లోనే వదిలేసి పారిపోతుంది. ఊడిన తోలు వెంట్రుకలతో సహా మళ్ళీ మొలుస్తుంది. మనిషి చర్మానికి కూడా తల్లి కడుపులో ఉన్నప్పుడు ఆ విద్య వచ్చు, బయటపడ్డాక మరిచిపోతుంది. దేవకి ఏళ్ళ తరబడి కష్టపడి ఆ మరిచిపోయినదాన్ని గుర్తుచేసే జెల్ తయారుచేసింది.

పని చూడ్డానికి సులువుగానే ఉంటుంది. ఎలుకకు మత్తిచ్చి, వీపు మీద రూపాయి బిళ్ళంత తోలు కోసి తీసేస్తుంది. జెల్ రాస్తుంది. సాయంత్రం టీ తాగి వచ్చేసరికి గుంట పూడుతూ ఉంటుంది, మర్నాటికి తోలు. మళ్ళీ అదే చోట కోస్తుంది. ఒక ఎలుకను దేవకి ముద్దుగా బంగారి అని పిలిచేది. బంగారి వీపు ఎన్నిసార్లు కోసినా మొలిచింది.

ప్రయోగాల్లో చచ్చిపోయిన జంతువులకు అక్కడ ఏటా శరత్కాలంలో సంస్మరణ జరుగుతుంది. విశ్వవిద్యాలయం వెనక ఒక రాయి ఉంది. ప్రొఫెసర్లు, విద్యార్థులు, బోనులు కడిగేవాళ్ళు, అందరూ నల్లబట్టల్లో వచ్చి తలా ఒక తెల్ల చామంతి ఆ రాయి ముందు పెట్టి, తల వంచి నిలబడతారు. ఆ ఏడు దేవకి గురువు హొరికావా పువ్వు పెట్టి వెనక్కి తిరిగి, నలుగురికీ వినబడేలా అన్నాడు:

"ఈ ఏడు మన ల్యాబు తరఫున క్షమాపణ చెప్పుకోవలసిన ప్రాణాలు చాలా తక్కువ. దేవకిగారి ఎలుక ఒక్కటే వంద ఎలుకల పని చేసింది. వంద ప్రాణాలు మిగిలాయి."

అందరూ దేవకి వైపు తిరిగి తల వంచారు. ఆమెకు కళ్ళు చెమ్మగిల్లాయి. వంద ప్రాణాల నొప్పి ఒక్క ప్రాణం మీద పడిందన్న లెక్క ఆ నల్లబట్టల్లో ఒక్కరికీ తట్టలేదు. చచ్చినవాటికి పువ్వు పెట్టే ఆచారం ఉంది గానీ, చావకుండా ఉన్నదాన్ని పలకరించే ఆచారం లేదు.

మనుషుల మీద పరీక్ష ఎక్కడ పెట్టాలని మాట వచ్చినప్పుడు దేవకి గంగపేట పేరు చెప్పింది. బోటు పనివాళ్ళ చేతులకు గాయాలు కాని రోజు ఉండదు. గాలం గుచ్చుకుంటుంది, వల లాగే వించి తాడు కోస్తుంది, ఐసుగడ్డ పడి వేళ్ళు నలుగుతాయి. ట్యూబులు నమ్మకంగా దాచి, అడిగినవాడికి ఇచ్చే పెద్దమనిషి ఒకడు కావాలి. సింహాద్రి పేటకి పెద్ద, బోట్ల సంఘానికి నాయకుడు, పైగా సొంత మరిది. దొంగచేతికి తాళాలివ్వడమంటే ఇదేనని ఆ రోజు ఎవరు చెప్పినా ఆమె నమ్మేది కాదు.

*

ఒకరోజు మధ్యాహ్నం నూకరత్నం అక్కకి వీడియోకాల్ చేసింది.

"అప్పా, ఆ పసరు ఇంక పంపకు."

"ఏటే, పడట్లేదేటి?"

"పడతంది. బాగా పడతంది. అందుకే ఒద్దంతన్నాను." తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఆడు నన్ను కొడతన్నాడప్పా. కొట్టీసి పసరు రాసేస్తన్నాడు."

"ఎక్కడ కొట్టినాడు? సూపించు."

నూకరత్నం రవిక పక్కకి లాగి భుజం చూపించింది. దేవకి ఫోను దగ్గరికి జరుపుకుంది. మచ్చ లేదు, మడత లేదు. భుజం మీద నూగు కూడా తిరిగి వచ్చింది.

"ఓలమ్మా, ఎంత బాగా మొలిసిందే! కాస్త ఎలుగులోకి తిప్పు," అంది దేవకి. ఆమె గొంతులో సంతోషం ఆగలేదు. అది అక్క గొంతు కాదు, సైంటిస్టు గొంతు.

చెల్లెలు రవిక సర్దుకుంది. "మంట పుడతాది అప్పా. గాలి తగిల్నా మంటే," అని ఫోను పెట్టేసింది. దేవకి ఆ మాట విని, చర్మం కొత్త కదా, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందిలే అనుకుంది.

అక్క వినలేదు కాబట్టి నూకరత్నం పేట పెద్దల దగ్గరికి వెళ్ళింది. గంగపేటలో మొగుడూ పెళ్ళాల తగువు పోలీసుల దాకా వెళ్ళదు, ముందు చావడి అరుగు మీదికి వస్తుంది. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఆడది మొగుడు కొట్టాడంటే ముసలమ్మలు లోపలికి తీసుకెళ్ళి ఒళ్ళు చూస్తారు, దెబ్బ కనబడితేనే తీర్పు. మంచి కట్టుబాటే. ఎన్నో కాపురాల్లో మొగాళ్ళ చేతులు అది అదుపులో పెట్టింది.

నలుగురు ముసలమ్మలు చావడి వెనక గదిలో ఆమె జాకెట్టు విప్పించి వెనకా ముందూ చూశారు. వాళ్ళ చేతివేళ్ళు తగిలిన చోటల్లా నూకరత్నం గిలగిల్లాడింది. బయటికొచ్చి పెద్ద ముసలమ్మ చెప్పింది:

"ఈపు అద్దంలాగుంది. సీమ కుట్టిన గుర్తు కూడా నేదు."

కొట్టి పసరు రాసేశాడని నూకరత్నం మొత్తుకుంటే, కొట్టినవాడే కూర్చుని మందు రాస్తాడా అని పెద్దలు తీసిపారేశారు. అరుగు మీద సింహాద్రి తల దించుకుని, ఎవరో తనను అవమానించినట్టు కూర్చున్నాడు. "పోనీండి బావూ, దానికేదో మనసు బాగోలేదు," అన్నాడు. పెద్దలు అతని మంచితనానికి మెచ్చుకుని, పేట జనం అందరి ముందూ నూకరత్నం చేత మొగుడి కాళ్ళు పట్టించారు. చిన్నపిల్లలు కూడా నిలబడి చూశారు. ఆ రోజునుంచి ఆమె పేరు అబద్దాల రత్నం.

ఇంటికొచ్చాక సింహాద్రి గడియ పెట్టాడు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఆమె కుడిచెయ్యి గుంజి పట్టుకుని, గిన్నె వంచి, మరుగుతున్న గంజి మోచేతినుంచి మణికట్టు దాకా పోశాడు. తోలు ఉబ్బి, తెల్లబడి, అతని పట్టు కిందే ఊడివచ్చింది. ఈసారి ఆమె అరిచింది. టీవీలో ఎవరో నవ్వుతున్నారు.

"సూపించు మరి పెద్దలకి," అన్నాడు సింహాద్రి ట్యూబు మూత తీస్తూ. "రేపు సూపించు."

*

అదే వారం బంగారి చచ్చిపోయింది.

కొన్నాళ్ళుగా అది మూలనుంచి కదలడం లేదు. పరిచిన రంపపుపొట్టు తగిలితే ఎగిరిపడుతోంది. చెయ్యి బోనులోకి రాకముందే కీచుమంటోంది. తన వీపును తనే కొరుక్కోబోయి, పన్ను ఆనగానే వదిలేస్తోంది. దేవకి కోసిన తోలు ముక్కలకు రంగువేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. తోలు చక్కగా ఉంది. తోలు కింద నరాల కొసలు మాత్రం ఉండవలసినదానికంటే ఒత్తుగా, నారుమడిలా కిక్కిరిసి ఉన్నాయి. మొలిచిన ప్రతిసారీ ఇంకాస్త ఒత్తుగా. చర్మం దెబ్బను మరిచిపోతోంది, నరం మరవడం లేదు. ఒకసారి తెగిన చోట మళ్ళీ అదే దెబ్బ పడితే నొప్పి రెట్టింపవుతుంది, ఆపైన మళ్ళీ రెట్టింపు.

నమ్మబుద్ధి కాక ఆమె బోను దగ్గరికి వెళ్ళి, వంగి, బంగారి వీపు మీద మెల్లగా ఊదింది.

ఎలుక అరిచిన అరుపుకి పక్క గదిలోంచి ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. అది బోను గోడకేసి గుద్దుకుంది, వెనక్కి పడింది, లేచి మళ్ళీ గుద్దుకుంది. మూతి పగిలి రక్తం చింది దేవకి కోటు మీద పడింది. ఆమె పట్టుకుని ఆపబోయింది. ఆమె వేళ్ళు తగలగానే ఒళ్ళంతా విల్లులా బిగుసుకుని, అలాగే చచ్చిపోయింది.

"గాయమేమైనా ఉందా?" అని అడిగాడు హొరికావా.

"వీపు మీద ఒక్కటీ లేదు," అంది దేవకి.

చెప్పిన మరుక్షణం చెల్లెలి గొంతు చెవిలో పడ్డట్టయింది. గాలి తగిల్నా మంటే. దేవకి అక్కడే నేలమీద కూలబడి, నల్లబట్టలు లేకుండానే, చామంతి లేకుండానే, గట్టిగా ఏడ్చింది. పరీక్ష ఆపెయ్యాలని ఆ పూటే రాసిచ్చింది. మచ్చ లేకుండా చేస్తుందని ఆ జెల్‌ను అప్పటికే, పరీక్షకు పుచ్చుకున్న ఆస్పత్రులు తెగ మెచ్చుకుంటున్నాయి, కంపెనీలు చేతులు కలిపాయి. ఆపడం అంత త్వరగా అయ్యే పని కాదన్నాడు హొరికావా. ఆమె వినకుండా విమానం ఎక్కింది.

*

గంగపేటలో ఎండ మండిపోతోంది. నూకరత్నం ఇంట్లో ఫ్యాను ఆపి ఉంది. ఆమె చేతులకు గాజులు లేవు, నూలుచీర ఒంటికి తగలకుండా ఒదులుగా చుట్టుకుంది. దేవకి దగ్గరికి తీసుకోగానే కెవ్వుమని విడిపించుకుని గోడకి జరిగిపోయింది.

"ముట్టుకోకప్పా. నీ మీద కోపం కాదు. తట్టుకోలేను."

దేవకి చూపు ఆమె కుడిచేతి మీద నిలిచిపోయింది. చిన్నప్పుడు జాతరలో తల్లి ఇద్దరికీ ఒకేసారి ముంజేతి మీద తేలు పచ్చబొట్టు పొడిపించింది. దేవకి చేతిమీద తేలు ఉంది. చెల్లెలి చేతిమీద లేదు. అక్కడంతా లేత గులాబీ చర్మం.

పచ్చబొట్టు పోవాలంటే తోలు లోతుదాకా పోవాలి. ఎంత లోతుదాకా పోవాలో ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసిన మనిషి దేవకే.

పోలీసు స్టేషనుకు వెళ్ళి చెప్పింది. ఎస్సై మర్యాదగానే విన్నాడు. "మేడమ్, పచ్చబొట్టు లేకపోవడం నేరం ఎలా అవుతుంది? లేజరు పెట్టి తీయించుకుంటున్నారు కదా. దెబ్బ చూపించండి, కేసు రాస్తాను," అన్నాడు. పెద్దలు ఆపాటి మర్యాద కూడా చెయ్యలేదు. అక్కా చెల్లెళ్ళు ఒక గూటి పక్షులే కదా అని నవ్వారు.

సింహాద్రి మటుకు ఆదరంగా కుర్చీ వేశాడు. "వదినా, అలిసిపోయి ఒచ్చినావు. పండుగప్ప సేప తెప్పించీదా?" అని అడిగాడు. అడుగుతూ, పక్కనే నిలబడ్డ పెళ్ళాం మెడ మీద ప్రేమగా చెయ్యి వేశాడు. నూకరత్నం కళ్ళు తేలవేసింది. చెయ్యి మెల్లగానే వేశాడు. ఆ సంగతి అతనికి తెలుసు. ఇప్పుడు తాడు అక్కర్లేదని అతను ఎప్పుడో కనిపెట్టేశాడు.

అతను బయటికి వెళ్ళాక దేవకి అంది: "రేపు నిన్ను తీసుకుపోతాను. కేసూ ఒద్దు, తీర్పూ ఒద్దు. పద."

"ఎల్లిపోతే అబద్దాలకోరుగానే ఎల్లిపోతాను కదప్పా," అంది నూకరత్నం. "ఆడు ఇంకోదాన్ని తెచ్చుకుంతాడు. దాన్నీ ఎవులూ నమ్మరు. నానొక్కసారి నిజం సెప్పినట్టు ఈల్ల మొకాల్లో కనబడాల. తరవాత నువ్వు సెప్పిన కాడికి ఒస్తాను." ఆ వెంటే, ఏదో వంట సంగతి అడిగినట్టు అడిగింది. "పసరు రాయకపోతే దెబ్బ ఎన్నాల్లుంతాది?"

"చిన్నదైతే నెల. లోతుగా పడితే మచ్చ ఎప్పటికీ పోదు." దేవకి జవాబు చెప్పింది గానీ, ఎందుకడిగిందో ఆలోచించలేదు. చదువుకున్నవాళ్ళకు ప్రశ్న వినబడితే చాలు, జవాబు నోట్లోంచి అదే వచ్చేస్తుంది.

*

మర్నాడు బోట్లు ఒడ్డుకు వచ్చి వేలం మొదలయ్యే వేళకి దేవకి ఒడ్డునే ఉంది. మందు వాడొద్దని పనివాళ్ళకు చెబుతూ, వాళ్ళ దగ్గరున్న ట్యూబులు తిరిగి తీసుకుంటోంది. పేట పెద్దలందరూ వేలం పాట దగ్గర ఉన్నారు.

ఇంట్లో నూకరత్నం ఫ్రిజ్ తెరిచి నీలం ట్యూబులన్నీ మురుగుకాలవలో పిండేసింది. చేపలు కోసే కత్తితో తలుపు గడియ ఊడబెరికింది. తరవాత సింహాద్రిని నిద్ర లేపింది.

"నీ పసరంతా పారబోసినాను," అంది. "ఇప్పుడు కొట్టు సూద్దాం. సేతనైతే కొట్టు."

అతను ముందు నమ్మలేదు. ఫ్రిజ్ చూసి వచ్చాడు. ఆమె మొహాన ఉమ్మేసింది. మొగుడి మొహాన ఉమ్మిన ఆడది అతనికి తెలిసి ఆ పేటలో లేదు. తాడు ఎక్కడుందో చూసుకోకుండానే చేతికి దొరికింది.

ఆమె వెనక్కి తిరగలేదు, వంగలేదు. వీపు ఇవ్వకుండా మొహం ఇచ్చింది. సీసం గుళ్ళు ఎడమ కణత దగ్గర మొదలై చెంప మీదుగా దవడ దాకా చీల్చుకుంటూ పోయాయి. పన్ను ఒకటి ఊడి నాలిక మీద పడింది. రెండో దెబ్బ భుజం మీద, మూడోది చేతుల మీద. బంగారి ఎలుకకు ఊపిరి తగిలితేనే ప్రాణం పోయింది. ఈమె మీద పడుతున్నవి సీసం గుళ్ళు. ఆ నొప్పిని రాయడానికి నాకు మాటలు లేవు, ఉన్నా రాయను. ఆమె స్పృహ తప్పకుండా నిలబడాలని పళ్ళు బిగించుకుని, గడియ లేని తలుపు తోసుకుని వీధిలోకి పరిగెత్తింది.

వేలం పాట మధ్యలో ఆగిపోయింది. చెంప రెండుగా విడిపోయి, రవిక నిండా రక్తంతో నూకరత్నం ఇసకలో నడిచి వస్తోంది. అడుగడుక్కీ పడబోతోంది, పడటం లేదు. పెద్దల ముందుకొచ్చి నిలబడింది.

"సూడండి," అంది. రక్తంతో మాట సరిగా రాలేదు. "ఇప్పుడు సూడండి."

వెనకనుంచి సింహాద్రి పరిగెత్తుకొచ్చాడు. అతని బోటు పెట్టెలో ఒక ట్యూబు మిగిలి ఉంది. దాన్ని పట్టుకుని, గుండెలు బాదుకుంటూ వచ్చాడు.

"పడిపోనాది బావూ! మెట్ల మీద పడిపోనాది! పట్టుకోండి, పసరు రాసీదాం, సచ్చిపోతాది!"

జాలిగల జనం. నలుగురు మొగాళ్ళు ఆమెను పట్టుకున్నారు. వాళ్ళ చేతులు పడగానే ఆమె సముద్రం హోరుకి పైన వినబడేలా అరిచింది. అరుస్తూ తన్నింది, కొరికింది, మొహం ఇసకలోకి దాచుకుంది. మందు ఒద్దనే మనిషిని చూసి జనం బిత్తరపోయారు. సింహాద్రి మోకాలు ఆమె ఛాతీ మీద ఆనించి, గెడ్డం పట్టి తిప్పి, ట్యూబు మూత పళ్ళతో లాగాడు.

దేవకి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. చెల్లెలి చెంపలోంచి ఎముక తెల్లగా కనబడుతోంది. ఆమె సగం జీవితం ఇలాంటి గాయాన్ని పూడ్చడానికే గడిచింది. మందు అరచెయ్యంత దూరంలో ఉంది. ఒక్క క్షణం, రాయనీ, బతకనీ అనుకుంది.

"అప్పా," అంది నూకరత్నం కింద పడి ఉండి. "ఆడ్ని నా దెబ్బ తీసేయనియ్యకే."

పక్కన ఐసుగడ్డలు లాగే ఇనప కొక్కెం ఉంది. దేవకి దాన్ని అందుకుని సింహాద్రి చేతి మీద కొట్టింది. కొక్కెం అరచేతిలోంచి అవతలికి దిగింది. ట్యూబు ఎగిరి ఇసకలో పడింది. అతను చెయ్యి పట్టుకుని ఊళ పెడుతూ ట్యూబు వైపే పాకాడు. పెద్ద ముసలమ్మ అడ్డంగా వచ్చి దాని మీద కాలు వేసి తొక్కింది. నీలం మందు ఇసకలో ఇంకిపోయింది.

"రాయొద్దంతంది కదరా," అంది ముసలమ్మ. "ఎందుకు రాయొద్దంతందో ఇప్పుడు తెలిసినాది." అంతటితో ఆగకుండా మొగాళ్ళ వైపు తిరిగి అరిచింది. "ఆ రోజు ఈ సేతుల్తోటి తడిమినాన్రా దాన్ని! గిలగిల్లాడితే నటిస్తందనుకున్నాను! ఒదలండి దాన్ని!"

సింహాద్రిని పేట వాళ్ళే వల తాడుతో బోటుకు కట్టేశారు. పోలీసులు వచ్చేలోపు అతని మొహం గుర్తుపట్టడానికి వీల్లేకుండా పోయింది. ఎవరెవరు కొట్టారని ఎస్సై అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు.

*

పెద్దాసుపత్రిలో క్యాజువాలిటీ డాక్టరు కుర్రవాడు, మంచివాడు. గాయం కడిగి, లోతు చూసి, ధైర్యం చెప్పాడు.

"భయం లేదమ్మా. మాకిప్పుడు కొత్త జెల్ వచ్చింది. కుట్లు కూడా అక్కర్లేదు. రేపటికి మచ్చన్నది ఉండదు." ట్రేలోంచి నీలం ట్యూబు తీశాడు.

నూకరత్నం అతని మణికట్టు పట్టుకుంది.

"మచ్చ ఉండాల డాట్రుగారూ. దారంతోటి కుట్టండి. పెద్ద పెద్ద కుట్లెయ్యండి."

"మొహం మీదమ్మా! వయసులో ఉన్నావు. జీవితాంతం కనబడుతుంది." డాక్టరు సాయం కోసం దేవకి వైపు చూశాడు.

"ఆ మందు చేసింది నేనే," అంది దేవకి. "దారంతోనే కుట్టండి."

డాక్టరు ఏమీ అర్థం కాక, సూదికి దారం ఎక్కించాడు. మత్తు ఇంజెక్షను కోసం వేలు ఆనించగానే నూకరత్నం ఒళ్ళంతా ఎగిరిపడింది. దేవకి పట్టుకోబోయి, ముట్టుకోకూడదని గుర్తొచ్చి, రెండు చేతులూ గాలిలోనే ఆపేసుకుంది.

"మొకం మీదే ఉండాల," అంది నూకరత్నం, మంచం ఇనుము పట్టుకుని. "ఇంకెప్పుడూ ఎవులికీ జాకెట్టు ఇప్పి సూపించక్కర్లేదు."